ఏ కార్మికుడికీ నష్టం లేదు

ఎనభై ఐదులో పత్తి సీజన్ మొదలైన వారానికి మా మిల్లుకి గొట్టం వచ్చింది. దాని గురించి ఇప్పుడు చెప్పబోయినా నా గొంతు లేస్తుంది. లేవనీ.

మిల్లు నరసరావుపేటలో, వినుకొండ రోడ్డు పక్కన. రాజుపాలెం, అచ్చంపేట, పెదకూరపాడు వైపు నుంచి పత్తి బోరాల్లో, అంటే పెద్ద గోనెసంచుల్లో, వచ్చేది. ఆ బోరాలను లారీల మీద నుంచి దించి యార్డులో కుప్పలు పోసేది ముఠా కూలీలు. లోపల జిన్ను మిషన్లు నడిపి గింజ వేరుచేసేదీ, దూదిని ప్రెస్సులో నొక్కి బేళ్ళు కట్టేదీ మిల్లు కార్మికులు. ఈ ఇద్దరి మధ్య, కుప్ప దగ్గర నుంచి మిషన్ల దాకా పత్తిని తట్టల్లో మోసేవాళ్ళం మేం, పందొమ్మిది మంది ఆడవాళ్ళం. నేను అప్పటికి పన్నెండు సీజన్లు మోశాను.

ముఠా వాళ్ళకో యూనియన్, మిల్లు వాళ్ళకో యూనియన్. మాకేమీ లేదు. ఉండాలని మాకెప్పుడూ తోచలేదు. మాలో సగం మందికి మొగుడో, అన్నో, మరిదో ఆ రెండింట్లో ఏదో ఒకదాంట్లో ఉండేవాడు. మా ఆయన ఖలందర్ ప్రెస్సు మీద పని. మిల్లు యూనియన్‌కి ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడు గుంటూరులో ఉండే వకీలు కాబట్టి ఇక్కడ అన్నీ ఆయనే.

గొట్టం రేకుది. మనిషి దూరేంత లావు. ఒక చివర యార్డులో, రెండో చివర జిన్నుల దగ్గర. లోపల పెద్ద ఫ్యాను. యార్డు చివర పత్తి వేస్తే లాక్కుని మిషన్ల దగ్గర కుమ్మరిస్తుంది. ఓనరు చెన్నకేశవులు గారు కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేయించాడు. మేం తట్టలు చంకన పెట్టుకుని చూస్తూ నిలబడ్డాం. మాలో అందరికంటే పాతకాపు కోటేశ్వరమ్మక్క నా భుజం పొడిచింది.

"ఏమే అబిదా, పొద్దున్నించి మనం మోసేదంతా అరగంటలో మింగిందే ఇది!"

ఆ మధ్యాహ్నమే గొడవ మొదలైంది. మా పని ఏమవుతుందనే దాని మీద కాదు. ఆ గొట్టం నోట్లో పత్తి వేసేది ఎవరనే దాని మీద.

"ఇది మిషను. మిషను మీద చెయ్యేసేది మిల్లు కార్మికుడు," అన్నాడు మా ఆయన.

ముఠా మేస్త్రి బ్రహ్మయ్య తలగుడ్డ విప్పి దులిపాడు. ఆ యూనియన్ మొత్తం ఆయన మాట మీద నడుస్తుంది. "మిషనైతే లోపల పెట్టుకో ఖలందరూ. నోరు యార్డులో ఉందిగా. యార్డులో పత్తి ముట్టుకునేది ముఠా. మా తాతల కాణ్ణించీ అంతే."

"మీ తాతల కాడ గొట్టం ఉందా?"

"మీ తాతల కాడ మిల్లుందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పని మేం చేస్తున్నదేనని, మేం అక్కడే నిలబడి ఉన్నామని ఆ ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా అప్పుడు గుర్తులేదు. మా ఆయన బాగా మాట్లాడాడని గర్వపడుతూ నిలబడ్డాను.

మర్నాడు రెండు యూనియన్లూ పని ఆపేశాయి. గేటుకి కుడిపక్క ఒక టెంటు, ఎడమపక్క ఒక టెంటు. లారీలు రోడ్డు పొడుగునా నిలిచిపోయాయి. ఎవరి టెంటులో జనం ఎక్కువుంటే వాళ్ళది పైచెయ్యి. అప్పుడు గుర్తొచ్చాం ఇద్దరికీ.

"గొట్టం మనకొస్తే మిమ్మల్నే పెడతాం దాని దగ్గర. వేరేవాళ్ళనెందుకు పెడతాం?" అన్నాడు మా ఆయన. బ్రహ్మయ్య కోటేశ్వరమ్మక్క ఇంటికి పోయి అచ్చం ఈ మాటే చెప్పాడట. అక్క తమ్ముడు ముఠాలో ఉన్నాడు. అట్లా పందొమ్మిది మందిమీ రెండుగా చీలాం. పదిమంది మా టెంటులో, తొమ్మిది మంది ఆ టెంటులో. పన్నెండేళ్ళు ఒకే చోట కూర్చుని సద్దన్నం పంచుకున్న వాళ్ళం, గేటుకి అటొకళ్ళూ ఇటొకళ్ళూ కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళం నినాదాలిచ్చాం.

తొమ్మిదో రోజు నీళ్ళ పంపు దగ్గర కోటేశ్వరమ్మక్క ఎదురుపడింది.

"నీ మొగుడు ఓనరు గదిలో కాఫీలు తాగొస్తన్నాడంట. మీరేమో టెంటులో గొంతు చించుకుంటన్నారు," అంది.

"నీ బ్రహ్మయ్య తాగట్లేదా?"

"తాగితే చెప్పు, నేనే అడుగుతా. నువ్వడుగుతావా మీ ఆయన్ని?"

చేతిలో ఇత్తడి చెంబు ఉంది. దాంతో కొట్టాను. దవడ మీద తగిలింది. అక్క పంపు గట్టు మీద కూలబడి నోరు చేత్తో మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. నా మొదటి సీజన్లో తట్ట తలమీద ఎట్లా నిలబెట్టాలో, మెడ ఎట్లా పట్టాలో నేర్పింది ఆమే. మా టెంటులో మగవాళ్ళు ఈలలు వేశారు. ఎవరో "అబిదా బేగం జిందాబాద్" అని కూడా అరిచారు. మా ఆయన ఈల వెయ్యలేదు. చూసి నవ్వాడు.

పన్నెండో రోజు పొద్దుగూకక ముందే ఆయన ఇంటికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత ముఖంలో హుషారు. రాజీ కుదిరిందనీ, రేపు పదింటికి లేబర్ ఆఫీసులో సంతకాలనీ చెప్పాడు. చేతిలో టైపు కొట్టిన కాగితాలున్నాయి. వాటిని చాప మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు.

నేను ఐదో తరగతి చదివాను. నెమ్మదిగా అయినా చదవగలను. మొదటి కాగితమంతా తేదీలూ పేర్లూ. రెండో కాగితంలో నాలుగో షరతు ఉంది. గొట్టం దగ్గర పనిచేయడానికి మిల్లు యూనియన్ నుంచి ఆరుగురు పురుషులు, ముఠా యూనియన్ నుంచి ఆరుగురు పురుషులు. తట్ట మోత పని ఈ తేదీ నుంచి రద్దు. దాని కింద ఒక వాక్యం:

"ఈ మార్పు వలన ఏ కార్మికుడికీ నష్టం లేదని ఉభయ యూనియన్లూ అంగీకరించడమైనది."

మూడుసార్లు చదివాను. నాకు అర్థంకానిది ఏదో ఉందేమోనని ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాను. అర్థం కానిదేమీ లేదు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. నా చేతిలో కాగితాలు చూసి ఆగాడు.

"మేం కార్మికులం కామా?" అని అడిగాను.

ఇంట్లో మేం తురకంలో మాట్లాడుకుంటాం. ఆయన మాత్రం తెలుగులో జవాబిచ్చాడు, యూనియన్ ఆఫీసులో మాట్లాడినట్టు.

"మీరు సీజన్ కూలీలు. చట్టం ప్రకారం ఏడాదిలో రెండొందల నలభై రోజులు చెయ్యాల. సీజనే అన్ని రోజులుండదు. మీకోసం పట్టుబడితే ఆరుగురు కూడా వచ్చేవాళ్ళు కాదు మాకు. బ్రహ్మయ్య పన్నెండూ ఎగరేసుకుపోయేవాడు."

"మమ్మల్నే పెడతానన్నావుగా."

"అప్పుడన్నా. ఇప్పుడు కుదర్లా. నా పని ఉందిగా, మనింటికేం నష్టం?"

"కోటేశ్వరమ్మక్క ఇంటికి?"

ఆయన నవ్వాడు. "మొన్న దవడ పగలగొట్టావు, ఇవాళ అక్క అయిందా?"

నేను అన్నం వడ్డించాను. ఆయన తిన్నాడు. 

తెల్లవారగానే కోటేశ్వరమ్మక్క ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో పుల్లలు విరుస్తోంది. దవడ ఇంకా ఊదే ఉంది. నన్ను చూసి లేవలేదు. పుల్ల ఒకటి చేతిలో బిగించి పట్టుకుంది.

"అక్కా, నన్ను కొట్టాలంటే కొట్టు. ముందు ఇది విను," అని గుమ్మం కిందే కూర్చుని, నాకు గుర్తున్నంత వరకు ఆ కాగితంలో ఉన్నది చెప్పాను. చివరి వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

 "బ్రహ్మయ్య కూడా సంతకం పెడతన్నాడా?" అంది.

"ఇద్దరూ."

"అయితే నువ్వు నన్నెందుకు కొట్టినట్టే?"

  ఆమె పుల్ల పొయ్యి దగ్గర పారేసి, చీర కుచ్చెళ్ళు బిగించుకుని, "పద. మిగతావాళ్ళని లేపుదాం," అంది.

పందొమ్మిది మందిలో పద్నాలుగు మంది వచ్చారు. మిగతావాళ్ళను ఇంట్లో మగవాళ్ళు కదలనివ్వలేదు. లేబర్ ఆఫీసు స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద. ప్యూను మెట్ల మీదే ఆపాడు. కోటేశ్వరమ్మక్క అతన్ని మోచేత్తో పక్కకి తోసి ముందు నడిచింది. వెనక మేమంతా.

గదిలో బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. చెన్నకేశవులు గారు, బ్రహ్మయ్య, మా ఆయన. పన్నెండు రోజులు ఒకళ్ళ తల ఒకళ్ళు పగలగొట్టుకుంటామన్న ఇద్దరూ పక్కపక్కన కుర్చీల్లో ఉన్నారు. ఒక సోడా రెండు గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నారు. ఆఫీసరు రామబ్రహ్మం గారు బక్కపలచటి మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి మావైపు చూశాడు.

"ఎవరమ్మా మీరు? ఏ యూనియన్?"

"ఏ యూనియనూ కాదండీ. తట్ట మోసేవాళ్ళం," అన్నాను.

మా ఆయన లేచాడు. "ఆమె మా ఇంటామె సార్. నేను చెప్పి పంపిస్తాను."

"ఇంటామెను ఇంటికాడ. ఇక్కడ కూలీని," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా పని రద్దని రాశారంట. మమ్మల్నెవరూ అడగలేదు."

బ్రహ్మయ్య విసుక్కున్నాడు. "అమ్మాయ్, ఇది యూనియన్ల మధ్య యవ్వారం. ఆడోళ్ళకేం తెలుసు? పోండి బయటికి."

"నిన్నటిదాకా నీ టెంటులో కూర్చున్నప్పుడు తెలియదా బ్రహ్మయ్యా మేం ఆడోళ్ళమని?" అంది కోటేశ్వరమ్మక్క. దవడ నొప్పికి మాట ముద్దగా వచ్చింది. అయినా అందరికీ అర్థమైంది.

రామబ్రహ్మం గారు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "చూడమ్మా. ఇది నా ముందు సంతకమైతే చట్టంలో పన్నెండు-మూడు సెక్షను కింద ఒప్పందం అవుతుంది. సంతకం పెట్టినవాళ్ళకే కాదు, ఆ మిల్లులో పనిచేసే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. పెట్టనివాళ్ళకి కూడా."

"మాక్కూడా?"

"మీక్కూడా."

"మరి మాక్కూడా అంటే మేం కార్మికులమేగా సార్?"

ఆయన సొరుగు లాగి ఒక తెల్లకాగితం తీసి, బల్ల మీద నావైపు జరిపాడు. "నోటిమాట నేను ఫైలులో పెట్టలేను," అన్నాడు. పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

బల్ల అంచున వంగి రాశాను. అక్షరాలు పెద్దవి పెద్దవి వచ్చాయి. "మేము పందొమ్మిది మందిమి. పత్తి తట్టలు మోస్తాము. కోటేశ్వరమ్మ పందొమ్మిది సీజన్లు, నేను పన్నెండు సీజన్లు. గొట్టం వల్ల మాకు నష్టం ఉన్నది. ఏ కార్మికుడికీ నష్టం లేదన్నది అబద్ధం." కింద నేను సంతకం పెట్టాను. పదమూడు మంది వేలిముద్రలు వేశారు.  మా ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

ఆఫీసరు కాగితం చదివి ఫైలులో పెట్టి ఓనరు వైపు తిరిగాడు.

"ఇరవైయొక్క రోజుల ముందు నోటీసు ఇవ్వాలిగదండీ, పని తీరు మార్చి మనుషుల్ని తగ్గించేటప్పుడు? ఇచ్చారా?"

"రెండు యూనియన్లూ ఒప్పుకున్నాక నోటీసెందుకనుకున్నామండీ."

"మరి ఈ వాక్యం? ఏ కార్మికుడికీ నష్టం లేదని. మీ వకీలు రాసిందేనా?"

చెన్నకేశవులు గారు నెమ్మదస్తుడు. ఎవరి మీదా అరవడు. అప్పుడూ నెమ్మదిగానే చెప్పాడు.

"మా వకీలు కాదండీ. ఆ ముక్క ఖలందర్ వేయించాడు. ఆడవాళ్ళ సంగతి తర్వాత ఎవరూ తవ్వకుండా ఉంటుందని."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సోడా గ్లాసు అడుగున మిగిలింది తాగాడు.

ఆ రోజు సంతకాలు కాలేదు. విచారణ తేలేదాకా పని పాత పద్ధతిలోనే నడవాలనీ, గొట్టం ఆపాలనీ ఆఫీసరు రాశాడు. రెండు టెంట్లూ పీకేశారు.

సాయంత్రం ఆయన రెండు లుంగీలు, చొక్కాలు సంచిలో కుక్కుకున్నాడు.

"కాగితం వెనక్కి తీసుకో. తీసుకున్న రోజు వస్తా. పదిమందిలో పరువు తీశావు నాది."

"ఆ ముక్క నువ్వెందుకు వేయించావు?"

"యూనియన్ నడిపేవాడికి తెలుస్తది ఎందుకో."

"నాకు చెప్పు. నేనూ ఒకటి పెడతా యూనియన్, నాకూ తెలియాలిగా."

కోపంలో అన్నమాట అది. ఆయన తలుపు విసిరి వెళ్ళి యూనియన్ ఆఫీసులో పడుకున్నాడు. మూడో రోజు రామబ్రహ్మం గారిని అడిగితే, ఏడుగురుంటే చాలు, యూనియన్ రిజిస్టరు చేయించుకోవచ్చన్నాడు. మేం పద్నాలుగు మందిమి. అట్లా పెట్టాం. కోటేశ్వరమ్మక్క అధ్యక్షురాలు. సంతకం వచ్చినదాన్ని కాబట్టి నేను కార్యదర్శిని.

ఆ తర్వాత మూడు నెలలు మేం తట్టలు మోసినట్టు నరకంలో కూడా మొయ్యరు. ముఠా వాళ్ళు బోరాలు తెచ్చి యార్డు చివర, గోడ వారన కుప్ప పోసేవాళ్ళు, మేం రెండింతలు నడవాలని. లోపల మిల్లు వాళ్ళు మాకు తట్ట దించడానికి చెయ్యి వేసేవాళ్ళు కాదు. మెడలు విరిగేవి. "గొట్టానికి అడ్డంపడ్డ ముండలు" అనేవాళ్ళు, రెండు యూనియన్ల వాళ్ళూ, ఒకే మాట. ఆ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యమో! మా ఆయన అనేవాడు కాదు. ప్రెస్సు దగ్గర నిలబడి, నేను పక్కనించి పోతుంటే మిషను వైపు తిరిగేవాడు. నేను ఖాళీ తట్ట ఆయన కాళ్ళ దగ్గరే దులిపేదాన్ని, కావాలని.

పేరుకి చదువుకున్న వాళ్ళు, మిషను తెచ్చినవాళ్ళు, వాళ్ళకి తెలియనిది ఒకటి మాకు తెలుసు. పత్తిలో రాళ్ళుంటాయి, మేకులుంటాయి, బోరా కుట్టిన ఇనప తీగ ముక్కలుంటాయి. తట్టలో వేసుకునేటప్పుడే మా చేతులు వాటిని ఏరి పారేస్తాయి. కొబ్బరికాయ కొట్టి తిప్పిన ఆ ఒక్కరోజులోనే గొట్టం ఫ్యాను రెక్క ఒకటి రాయి తగిలి వంగింది. నిప్పురవ్వ లేస్తే మిల్లు మొత్తం బూడిదే. ఈ సంగతి నేను మరుసటి ఏడు మార్చిలో జరిగిన ఆఖరి విచారణలో చెప్పాను. అప్పటికి మా కుర్చీలు మాకున్నాయి. బల్లకి నాలుగో వైపు, నేనూ కోటేశ్వరమ్మక్కా.

"గొట్టం నోటికాడ ఏరేవాళ్ళు లేకపోతే ఎవరు పూచీ?" అన్నాను.

చెన్నకేశవులు గారు లెక్కలు తెలిసిన మనిషి. కాసేపు ఆలోచించి ఎనిమిది మంది అన్నాడు. మేం పందొమ్మిది మందినీ తీసుకోవాలన్నాం. మధ్యాహ్నం దాకా వాదించాం. మిల్లు యూనియన్ మావైపు మాట్లాడలేదు. ముఠా యూనియన్ మాట్లాడలేదు. వాళ్ళ ఆరుగురు వాళ్ళకి దక్కారు, చాలు. ఆఫీసరు నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "ఇంతకంటే నా చేతిలో లేదమ్మా. కాదంటే కేసు కోర్టుకి పోతుంది. ఎన్నేళ్ళో నేను చెప్పలేను. నా విచారణ ముగిస్తే ఆపమన్న నా ఆర్డరూ చెల్లదు, ఈలోగా గొట్టం తిరుగుతూనే ఉంటుంది."

కోటేశ్వరమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. ఒప్పుకున్నాం.

"ఎనిమిది మంది ఎవరో మీరే చెప్పండి," అన్నాడు చెన్నకేశవులు గారు. అంత నెమ్మదైన మనిషి ముఖంలో అప్పుడు చిన్న నవ్వు కనిపించింది. మళ్ళీ మేం పంపు దగ్గర కొట్టుకుంటామనుకున్నాడు.

నేను కాగితం తీసుకుని, ఎవరు ఎన్ని సీజన్లు చేశారో ఆ వరసలో రాయడం మొదలుపెట్టాను. మొదటి పేరు కోటేశ్వరమ్మ. ఎనిమిదో పేరు రామాయమ్మ, పదమూడు సీజన్లు. అక్కడ గీత గీశాను. అక్కకి చదువు రాకపోయినా, నేను తలెత్తి చూసిన చూపులో అర్థమైంది.

"నన్ను తీసేసి నువ్వెక్కు," అంది నా చెవిలో. "నాకింకెన్నేళ్ళులే."

"ఒక్క పేరు నేను తప్పిస్తే రేపు వాళ్ళు ఎనిమిదీ తప్పిస్తారక్కా," అన్నాను.

మిగతా పదకొండు మందికి, కొత్త మిషను వస్తేనో, ఎవరైనా మానేస్తేనో ముందు పిలుపు అని ఒక షరతు రాయించాను. అది ఎంతవరకు పనికొస్తుందో నాకు తెలుసు. కానీ "నష్టం లేదు" అనే మాట ఆ ఒప్పందంలో ఎక్కడా లేకుండా మొదటి నుంచి చివరి దాకా నేనే చదివాను. అందరూ నా కోసం ఆగారు. తర్వాత సంతకాలు. ఓనరుది, బ్రహ్మయ్యది, మా ఆయనది, దాని కింద నాది.

బయట వరండాలో ఆయన నా కోసం ఆగి ఉన్నాడు. మూడు నెలల్లో మొదటిసారి నాతో మాట్లాడాడు. ఈసారి తురకంలోనే.

"ఇంత చేశావు. చివరికి లిస్టులో నీ పేరే లేదు. నిన్నే వదిలేశారు, చూశావా?"

ఎగతాళి లేదు. నిజంగానే నామీద జాలిపడుతున్నాడు. ఆ జాలి చూస్తే ఒళ్ళు మండింది నాకు. తర్వాత రంజాను నెల ముందు ఇంటికి వచ్చాడు, రావద్దని నేననలేదు, ఎన్నో ఏళ్ళు ఒకే కప్పు కింద బతికాం. కానీ ఆ వరండాలో నేను చూసిన మనిషిని ఎప్పుడూ మరిచిపోలేదు.

"ఎవరూ వదిలెయ్యలేదు," అన్నాను. "లిస్టు రాసింది నేనే."

 నేను ఆయన పక్కనించి మెట్లు దిగాను. కింద ఎండలో, గోడ నీడ కూడా లేనిచోట, మావాళ్ళు పొద్దున్నించి నిలబడి ఉన్నారు. అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. ఎనిమిదే అని వాళ్ళకి నేనే చెప్పాలి.